విదేశీ ఆంగ్ల ఉపాధ్యాయ శిక్షణ కోర్సుల విశ్వసనీయత

ఆంగ్లం మాతృభాష కాని వారికి ఆ భాషను బోధించేందుకు ఉపాధ్యాయులను తయారుచేసే శిక్షణను టెఫ్ల్ లేదా టెసాల్ శిక్షణ అంటారు. ఈ రెండు పేర్లూ ఏ ఒక్క సంస్థకూ సొంతం కావు. ఎవరైనా ఈ పేర్లతో కోర్సు నడిపి ధ్రువపత్రం ఇవ్వవచ్చు. ప్రపంచమంతటికీ వర్తించే నియంత్రణ సంస్థ ఏదీ లేదు. అందువలన నెల రోజులపాటు తరగతి గదిలో జరిగే కోర్సుకూ, అంతర్జాలంలో రెండు రోజులలో ముగిసే కోర్సుకూ ఒకే పేరు ఉండవచ్చు. ఒక కోర్సు విశ్వసనీయత ముఖ్యంగా మూడు ప్రశ్నలపై ఆధారపడి ఉంటుంది: దానిని గుర్తించినది ఎవరు, ఏ పనికి గుర్తించారు, అభ్యర్థి ఉద్యోగం చేయదలచిన చోట ఆ గుర్తింపు చెల్లుతుందా.

నేపథ్యం

1962లో జాన్ హేక్రాఫ్ట్, బ్రీటా హేక్రాఫ్ట్ దంపతులు లండన్‌లోని ఇంటర్నేషనల్ హౌస్‌లో ప్రారంభించిన స్వల్పకాలిక శిక్షణ నేటి సెల్టా కోర్సుకు మూలం. ప్రస్తుతం సెల్టా ధ్రువపత్రాన్ని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన పరీక్షా విభాగం ఇస్తున్నది. దీనికి సమానంగా పరిగణించబడే మరొక కోర్సు లండన్‌లోని ట్రినిటీ కళాశాల ఇచ్చే సర్ట్ టెసాల్.

భారతదేశంలో ఈ రంగానికి హైదరాబాదు ముఖ్య కేంద్రం. ఇక్కడ 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ స్థాపించబడింది. విదేశీ భాషలు కూడా చేరిన తరువాత 1972లో ఇది సీఫెల్‌గా పేరు మార్చుకున్నది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అన్న పేరు పొందినది. దక్షిణాది రాష్ట్రాల ఉపాధ్యాయుల కొరకు బెంగుళూరులో 1963లో ప్రాంతీయ ఆంగ్ల సంస్థ ఏర్పడినది. ఈ రంగంలో శిక్షణకు విదేశీ సంస్థలే శరణ్యం కాదనడానికి ఇవి ఉదాహరణలు.

గుర్తింపులో రకాలు

ప్రకటనలలో "గుర్తింపు పొందిన", "అంతర్జాతీయ" అన్న మాటలు తరచుగా కనిపిస్తాయి. వీటి వెనుక వేర్వేరు విషయాలు ఉండవచ్చు.

* కంపెనీ నమోదు: వ్యాపారం చేసుకొనుటకు మాత్రమే అనుమతి. కోర్సు నాణ్యతతో సంబంధం లేదు.
* సంఘ సభ్యత్వం: చందా చెల్లించిన వారికి లభించేది. చాలా సంఘాలు కోర్సును పరిశీలించవు.
* ఐ.ఎస్.ఓ. ధ్రువపత్రం: సంస్థ నిర్వహణ పద్ధతులకు సంబంధించినది. బోధనాంశాలకు హామీ కాదు.
* అపోస్టిల్ ముద్ర: పత్రంపై ఉన్న సంతకం, ముద్ర నిజమైనవని మాత్రమే చెబుతుంది. పత్రంలోని అర్హత విలువను చెప్పదు. భారతదేశంలో ఈ ఒప్పందం 2005 నుండి అమలులో ఉన్నది.
* ప్రైవేటు గుర్తింపు సంస్థ ఆమోదం: ఆ సంస్థ ఎంత స్వతంత్రమైనదో దానిపై దీని విలువ ఆధారపడుతుంది. కోర్సు అమ్మేవారే ఇటువంటి సంస్థను కూడా పెట్టుకున్న పక్షంలో దానికి విలువ లేదు.
* ప్రభుత్వ నియంత్రణలోని అర్హత: ఇంగ్లండులో ఆఫ్‌క్వాల్ సంస్థ ఇటువంటి అర్హతల జాబితాను ఉచితంగా చూసుకొనేలా ఉంచినది. సెల్టా, సర్ట్ టెసాల్ రెండూ అందులో ఐదవ స్థాయిలో ఉన్నాయి.

స్థాయి అన్నది కోర్సు కష్టాన్ని మాత్రమే సూచిస్తుంది, పరిమాణాన్ని కాదు. కనుక "ఐదవ స్థాయి" అన్న మాటతో పాటు శిక్షణ గంటలు కూడా చూడవలసి ఉంటుంది.

నాణ్యమైన కోర్సు లక్షణాలు

సెల్టాలో కనీసం 120 గంటల శిక్షణ ఉంటుంది. ట్రినిటీ కోర్సులో కనీసం 130 గంటలు. రెండింటిలోనూ అభ్యర్థి నిజమైన విద్యార్థులకు 6 గంటలు పాఠం చెప్పాలి. శిక్షకులు ఆ పాఠాలను చూసి లోపాలు చెబుతారు. ప్రవేశానికి ముందే ముఖాముఖి ద్వారా అభ్యర్థి భాషా సామర్థ్యాన్ని పరిశీలిస్తారు. కోర్సు నడిపే కేంద్రంతో సంబంధం లేని పరీక్షకుడు వచ్చి ప్రమాణాలను తనిఖీ చేస్తాడు. రుసుము చెల్లించినంత మాత్రాన అందరూ ఉత్తీర్ణులు కారు.

"120 గంటల కోర్సు" అని ప్రకటించే అంతర్జాల కోర్సులు అనేకం ఉన్నాయి. వాటిలో బోధనాభ్యాసం లేకపోతే ఆ అంకె సెల్టాతో పోల్చదగినది కాదు. అయితే అటువంటి కోర్సులన్నీ మోసం కావు. ప్రాథమిక పరిచయానికి అవి ఉపయోగపడవచ్చు. ఉద్యోగార్హత అని చెప్పి అమ్మినప్పుడే చిక్కు వస్తుంది.

తెలుగు విద్యార్థుల అనుభవాలు

విదేశీ విద్యాసంస్థల గుర్తింపును సరిగా అర్థం చేసుకోకపోవడం వలన తెలుగు విద్యార్థులు తీవ్రంగా నష్టపోయిన సందర్భాలు రెండు ప్రసిద్ధమైనవి. ఇవి ఆంగ్ల శిక్షణకు సంబంధించినవి కాకపోయినా, వాటి పాఠం ఇక్కడ కూడా వర్తిస్తుంది.

కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం విదేశీ విద్యార్థులను చేర్చుకొనుటకు అమెరికా ప్రభుత్వ అనుమతి పొందినది. కానీ విద్యాపరమైన గుర్తింపు దానికి లేదు. 2011 జనవరిలో అధికారులు దానిపై దాడి చేసి మూసివేశారు. నష్టపోయిన భారతీయులలో అధిక సంఖ్యాకులు అప్పటి ఆంధ్ర ప్రదేశ్‌కు చెందినవారు. కొందరు విద్యార్థుల కాళ్ళకు నిఘా పరికరాలు తగిలించడం పెద్ద వివాదమైనది. నిర్వాహకురాలికి 2014లో 16 సంవత్సరాలకు పైగా జైలు శిక్ష పడినది.

మిచిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అసలు విశ్వవిద్యాలయమే కాదు. వీసా అక్రమాలను పట్టుకొనుటకు అమెరికా అధికారులే దానిని సృష్టించారు. 2019 జనవరిలో ఈ విషయం బయటపడినప్పుడు 129 మంది భారతీయ విద్యార్థులు నిర్బంధించబడ్డారు. వారిలో తెలుగువారు ఎక్కువ. ఒక ప్రముఖ గుర్తింపు సంస్థ జాబితాలో కూడా ఈ పేరు ఉండేది. జాబితాలో పేరు ఉండటం అవసరమే కానీ అది ఒక్కటే చాలదని ఈ ఉదంతం తెలుపుతున్నది. తరగతులు, అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు నిజంగా ఉన్నారా అన్నది కూడా చూడాలి.

భారతదేశంలో చెల్లుబాటు

పాఠశాల ఉపాధ్యాయుల అర్హతలను జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నిర్ణయిస్తుంది. ఈ మండలి 1993 చట్టం ప్రకారం ఏర్పడినది. 2009 నాటి విద్యా హక్కు చట్టం కింద, 2010లో వెలువడిన ప్రకటన ప్రకారం, ఒకటి నుండి ఎనిమిది తరగతులు బోధించుటకు డి.ఎడ్. లేదా బి.ఎడ్. వంటి శిక్షణతో పాటు టెట్ ఉత్తీర్ణత అవసరం. సెల్టాతో సహా ఏ స్వల్పకాలిక విదేశీ ధ్రువపత్రమూ వీటికి ప్రత్యామ్నాయం కాదు. భాషా శిక్షణా కేంద్రాలలో, కొన్ని ప్రైవేటు సంస్థలలో మాత్రం అది అదనపు యోగ్యతగా ఉపయోగపడవచ్చు.

చింతూరు ప్రాంతంలో

శబరి నది ఒడ్డున ఉన్న చింతూరు 2014 వరకు ఖమ్మం జిల్లాలో ఉండేది. రాష్ట్ర విభజన సమయంలో తూర్పు గోదావరిలోనికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోనికి మారినది. ఇక్కడి ప్రజలలో కోయలు అధికం. గిరిజన సంక్షేమ శాఖ ఆశ్రమ పాఠశాలలలో ఉపాధ్యాయ ఉద్యోగం ఇక్కడి చదువుకున్న యువతకు ముఖ్యమైన అవకాశం. షెడ్యూల్డు ప్రాంతాలలో ఈ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000లో జారీ అయిన 3వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వును 2020 ఏప్రిల్ 22న సుప్రీం కోర్టు కొట్టివేసింది. ఆ తరువాత పోటీలో నిలబడుటకు సరైన అర్హతను ఎంచుకొనడం స్థానిక అభ్యర్థులకు మరింత ముఖ్యమైనది. కుటుంబం అప్పు చేసి కట్టిన రుసుము డి.ఎస్.సి.లో లెక్కకు రాని ధ్రువపత్రానికి పోతే, డబ్బుతో పాటు బి.ఎడ్. పూర్తిచేయగల కాలం కూడా పోతుంది.

కోర్సు ఏ విద్యార్థుల కొరకు రూపొందినది అన్నది కూడా గమనించదగినది. సెల్టా మొదట వయోజనులకు బోధించేవారి కొరకు రూపొందినది. ఆశ్రమ పాఠశాలలో చేరే కోయ బాలలకు ఇంటి భాష కోయ, బడి భాష తెలుగు, ఆంగ్లం మూడవది. ఈ అవసరాన్ని గుర్తించి 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో బహుభాషా విద్యా కార్యక్రమం ప్రారంభమైనది. ఇటువంటి తరగతిలో బాలల మాతృభాష తెలిసి ఉండటం ఉపాధ్యాయునికి ఒక బలం. వయోజనుల కొరకు రూపొందిన స్వల్పకాలిక శిక్షణ దానికి బదులు కాదు.

విదేశీ ఉద్యోగాలు, వీసాలు

ధ్రువపత్రం నిజమైనదైనా వీసా రాకపోవచ్చు. దక్షిణ కొరియా ఇ-2 బోధనా వీసాను ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణ ఆఫ్రికా పౌరులకు ఇస్తుంది. కనుక కోర్సులో చేరడానికి ముందే, వెళ్ళదలచిన దేశపు రాయబార కార్యాలయ నిబంధనలు భారతీయ పౌరులకు ఏమి చెబుతున్నాయో చూడవలసి ఉంటుంది. "ఉద్యోగం ఖాయం" అని చెప్పే శిక్షణ సంస్థ వీసా ఇప్పించలేదు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు 1983 వలస చట్టం ప్రకారం నమోదు చేసుకొని ఉండాలి.

పరిశీలించే క్రమం

# ముందుగా ఉద్యోగం ఇచ్చేవారు అడిగే అర్హతను లిఖితపూర్వకంగా తెలుసుకొనడం.
# కోర్సు పేరును, కేంద్రం పేరును గుర్తింపు సంస్థ సొంత జాబితాలో వెదకడం. కోర్సు అమ్మేవారు ఇచ్చిన లంకె ద్వారా కాక, నేరుగా చూడటం మేలు.
# ఆ గుర్తింపు సంస్థను ఎవరు నడుపుతున్నారో చూడటం.
# బోధనాభ్యాసం ఎన్ని గంటలు, ఎవరికి బోధించాలి, ఎవరు పరిశీలిస్తారు అని అడగడం.
# శిక్షకుల అర్హతలు తెలుసుకొని, పూర్వ విద్యార్థులతో మాట్లాడటం.
# మొత్తం రుసుము, మానివేస్తే తిరిగి వచ్చే మొత్తం వ్రాతపూర్వకంగా తీసుకొనడం.

ప్రవేశ పరీక్ష లేకపోవడం, అందరికీ ఉత్తీర్ణత హామీ, వ్యక్తిగత ఖాతాకు డబ్బు పంపమనడం, ఈ రోజే చెల్లిస్తే రాయితీ అని తొందరపెట్టడం, చిరునామా చెప్పకపోవడం ప్రమాద సూచనలు.

మోసపోయినప్పుడు

రసీదులు, ప్రకటనలు, సందేశాలు భద్రపరచవలెను. సేవా లోపాలపై జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని 1915 నంబరులో సంప్రదించవచ్చు. అంతర్జాలంలో డబ్బు పోయిన పక్షంలో వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

ఇవి కూడా చూడండి

* చింతూరు
* కోయ భాష
* ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం
* జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి