దొంగ తలుపు, పాత గ్లాసు

2007లో న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లోని ఒక హాట్‌డాగ్ దుకాణానికి కొత్త రకం జనం రావడం మొదలైంది. వాళ్లు తిండి వైపు చూడకుండా, దుకాణంలోనే ఉన్న పాత టెలిఫోన్ బూత్‌లోకి దూరేవాళ్లు. రిసీవర్ ఎత్తితే అవతల ఒక గొంతు పలికేది. చోటుంటే బూత్ గోడే తలుపై తెరుచుకునేది. లోపల మసక దీపాలు, షేకర్ల చప్పుడు, సీట్లు దాదాపు నిండిన చిన్న బార్. దాని పేరు పీడీటీ. ఎవరికీ చెప్పొద్దు అనే అర్థమున్న ఇంగ్లిష్ మాటలకు అవి పొడి అక్షరాలు. చెప్పొద్దన్నారు గనకే ఊరంతా చెప్పుకుంది.

ఆ తరవాత ఇలాంటి బార్లు ప్రపంచమంతా పుట్టాయి. ఒక చోట పుస్తకాల అర తోస్తే బార్, ఇంకో చోట మంగలి షాపు వెనక బార్. 1920ల నాటి అమెరికా మద్యనిషేధపు రోజుల్ని మళ్లీ బతికించామని వాటిలో చాలా వరకు గొప్పగా చెప్పుకున్నాయి. తలుపు వరకు ఆ మాట చెల్లుతుందేమో గానీ గ్లాసు దగ్గరికొచ్చేసరికి చెల్లదు. నిషేధపు రోజుల్లో న్యూయార్క్ తాగిన సరుకే ఈ బార్లలో పోస్తే, జనం ఒక్క గుక్క తాగి లేచి వెళ్లిపోతారు. ఇప్పుడు శ్రద్ధగా కొలిచి పోసే పానీయాల్లో పేరున్నవి చాలావరకు నిషేధానికి ముందు తరాలవి.

కాక్‌టెయిల్ అంటే ఏమిటో అచ్చులో మొదటిసారి వివరంగా చెప్పింది న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణంలో వెలువడిన ఒక పత్రిక. 1806 మేలో ఒక పాఠకుడు అడిగితే సంపాదకుడు జవాబిచ్చాడు: ఏదో ఒక ఘాటు మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్ అనే చేదు మూలికల సారం. ఆ నాలుగింటిలో ఐసు లేదు. అప్పటికి ఐసు మామూలు మనిషికి అందే వస్తువు కాదు.

దాన్ని అంగడి సరుకుగా మార్చినవాడు ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల్ని దిమ్మెలుగా కోయించి, రంపపు పొట్టు కప్పి ఓడలకెక్కించాడు. 1833లో టస్కనీ అనే ఓడలో 180 టన్నుల ఐసు కలకత్తాకు బయల్దేరింది. నాలుగు నెలలు సముద్రం మీద ఉన్నా సుమారు వంద టన్నులు కరగకుండా చేరాయి. మద్రాసు బీచి ఎదురుగా ఉన్న ఐస్ హౌస్ కూడా ఈ వ్యాపారం కోసం 1842లో కట్టిందే. 1897లో వివేకానందుడు అక్కడ బస చేశాక ఆ భవనానికి వేరే ప్రసిద్ధి వచ్చింది. మద్రాసులో బతికిన పాతతరం తెలుగువాళ్లకు ఆ గుండ్రటి మేడ బాగా ఎరుకే. అక్కడ దిగిన ఐసు దొరల గ్లాసుల్లోకి పోయేది. అమెరికాలో మాత్రం అదే ఐసు చౌకబడి ఒక వృత్తినే పుట్టించింది.

ఆ వృత్తికి పెద్దగా అందరూ తలుచుకునేది జెర్రీ థామస్‌ని. 1862లో ఆయన వేసిన పుస్తకం బార్‌టెండర్ల కోసం అమెరికాలో అచ్చయిన మొదటి పానీయాల గ్రంథం. అంతవరకు కిటుకులు నోటిమాటగానే, గురువు నుంచి శిష్యుడికి పోయేవి. బ్లూ బ్లేజర్ ఆయన ప్రదర్శన. మరుగుతున్న నీళ్లూ విస్కీ కలిపి నిప్పంటించి, రెండు లోహపు మగ్గుల మధ్య ఎత్తు నుంచి పోస్తుంటే నీలి మంట ధారగా సాగేది. కొత్తగా నేర్చుకునేవాళ్లు కొన్నాళ్లు చన్నీళ్లతో సాధన చేయాలని ఆ పుస్తకంలోనే హెచ్చరిక ఉంది. చేతులు కాల్చుకున్నవాళ్లను ఆయన చూసే ఉంటాడు.

1880ల నాటికి మన్‌హటన్, మార్టినీ అనే పానీయాలు రంగంలోకొచ్చాయి. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్‌లోని హాఫ్‌మన్ హౌస్ హోటల్ బార్‌లో బూగరో అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన నగ్న వనకన్యల భారీ చిత్రం వేలాడేది. తాగనివాళ్లు కూడా ఆ బొమ్మ కోసం వచ్చేవాళ్లు. ఇప్పుడది మసాచుసెట్స్‌లోని క్లార్క్ మ్యూజియంలో మర్యాదగా ఉంది.

రద్దీ మాటకొస్తే న్యూఆర్లీన్స్‌ని మించింది లేదు. హెన్రీ రామోస్ అనే ఆయన జిన్, మీగడ, గుడ్డు తెల్లసొన, నిమ్మరసం, నారింజ పూల నీళ్లు కలిపి ఒక ఫిజ్ తయారు చేసేవాడు. నురగ గట్టిపడాలంటే షేకర్‌ని చాలాసేపు ఆడించాలి. ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. 1915 మార్డిగ్రా పండగ రోజుల్లో ఆయన 35 మంది కుర్రాళ్లను వరసగా నిలబెట్టాడట. ఒకడి చేతులు నొప్పెడితే షేకర్ పక్కవాడికి, వాడి నుంచి ఆ పక్కవాడికి పోయేది. అయిదేళ్లు తిరక్కుండానే నిషేధం వచ్చి ఆ వరస మొత్తానికీ పని పోయింది.

ఈ కథను ప్రేమగా చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఒక పుట తిప్పేస్తారు. పాలరాతి కౌంటర్లు, అద్దాలు ఉన్న హోటల్ బార్లు కొన్నే. వాటి చుట్టూ సెలూన్లనే మామూలు తాగుడు దుకాణాలు వేల సంఖ్యలో ఉండేవి. వారం కూలి చేతికందగానే మగవాడు అటు నడిచేవాడు. మధ్యాహ్నం ఉచిత భోజనం పెట్టేవాళ్లు గానీ, ఉప్పు దట్టించిన ఆ తిండి దాహం పెంచడానికే. ఇంట్లో పొయ్యి వెలగని ఆడవాళ్లకు ఆ తలుపు లోపలికి ప్రవేశం లేదు. 1874లో మహిళల మద్యవ్యతిరేక సంఘం పుట్టింది ఈ కడుపుమంటలోంచే. 1900లో కాన్సస్‌లో క్యారీ నేషన్ అనే ఆవిడ సెలూన్ల మీద పడి అద్దాలూ సీసాలూ పగలగొట్టింది. తరవాత చేతిగొడ్డలి ఆవిడ గుర్తైపోయింది.

నెల్లూరు జిల్లా దూబగుంట తెలిసినవాళ్లకు ఇది పరాయి కథగా తోచదు. 1990ల మొదట్లో అక్కడ చదువు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు రోశమ్మ ముందు నడవగా సారా దుకాణం మూయించారు. ఊరి నుంచి ఊరికి పాకిన ఆ ఉద్యమం వల్లే 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వపు సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. రెండు దేశాల్లోనూ నిషేధం తెచ్చినవాళ్లలో ముందున్నది ఆడవాళ్లు, సడలించేటప్పుడు గట్టిగా మాట్లాడింది ఖజానా. అమెరికాలో 1913లో ఆదాయపు పన్ను రాకపోయుంటే మద్యం పన్ను వదులుకునే ధైర్యం ప్రభుత్వానికి ఉండేది కాదు. మాంద్యం ముంచుకొచ్చి పన్నులు పడిపోయాక 1933లో మద్యం మీద ప్రేమ మళ్లీ పుట్టింది.

అమెరికాలో 1920 జనవరి 17న నిషేధం అమల్లోకి వచ్చింది. తయారీ, రవాణా, అమ్మకం నేరాలయ్యాయి. తాగడం మాత్రం నేరం కాదు. ఆ సందులోంచే ఒక కొత్త లోకం దూరింది. న్యూయార్క్‌లో 32,000 దొంగ బార్లు ఉన్నాయని 1929లో పోలీసు కమిషనర్ గ్రోవర్ వేలన్ అంచనా. ఇజీ ఐన్‌స్టీన్, మో స్మిత్ అనే ఇద్దరు నిషేధ ఉద్యోగులు జాలరి వేషంలో, సమాధులు తవ్వేవాడి వేషంలో వెళ్లి 4,900కు పైగా అరెస్టులు చేశారు. వాళ్ల పేరు పత్రికల్లో మరీ మోగిపోవడంతో 1925లో పై అధికారులే ఇద్దర్నీ ఇంటికి పంపారు.

52వ వీధిలోని ‘21’ క్లబ్ తెలివి వేరు. పోలీసులు వచ్చారని కబురందితే ఒక మీట నొక్కేవాళ్లు. బార్ వెనక అరలు వాలిపోయి సీసాలన్నీ గొట్టంలోంచి కిందికి జారి పగిలేవి. అసలు నిల్వ ఉన్నది పక్క ఇంటి నేలమాళిగలో. దానికి రెండున్నర టన్నుల ఇటుక తలుపు. గోడలోని ఒక సన్నటి బెజ్జంలోకి పొడవాటి తీగ దూరిస్తేనే అది తెరుచుకునేది. చట్టరీత్యా ఆ మద్యం తమ ఇంట్లో లేదని యజమానులు ధీమాగా చెప్పగలిగేవాళ్లు.

లోపల ఏం పోసేవాళ్లన్నదే అసలు ప్రశ్న. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లకు కెనడా నుంచి దొంగతనంగా వచ్చిన మంచి విస్కీ దొరికేది. 1931 డిసెంబరులో న్యూయార్క్‌లో కారు గుద్దిన చర్చిల్‌కి, కోలుకోవడానికి మద్యం అవసరమని డాక్టరు చీటీ రాసిచ్చాడు. అది పూర్తిగా చట్టబద్ధం. మిగతా ఊరు తాగింది ఇళ్లలో కలిపిన జిన్, పరిశ్రమల ఆల్కహాల్‌ని మళ్లీ స్వేదనం చేసిన సరుకు. తాగకుండా భయపెట్టాలని ఆ ఆల్కహాల్‌లో మిథనాల్ లాంటి విషాలు కలపాలన్నది ప్రభుత్వ నిబంధనే. 1926 క్రిస్మస్‌కి ఆసుపత్రులు నిండాయి, చావులు మొదలయ్యాయి. నగర ప్రధాన వైద్య పరీక్షాధికారి చార్లెస్ నోరిస్ ఈ చావులకు ప్రభుత్వానిదే నైతిక బాధ్యతని బహిరంగంగా అన్నాడు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది మంచి సరుకు కొనలేని పేదలేనని కూడా ఎత్తి చూపాడు. తేనె, పళ్లరసాలు ధారాళంగా పోసే అలవాటు ఆ రోజుల్లో పెరిగింది. నాటు జిన్ కంపు మూయడానికి అదొక ఉపాయం.

కానీ ఒక మార్పు మాత్రం నిజంగా ఆ చీకటి గదుల్లోనే జరిగింది. మగవాళ్ల కోటగా ఉన్న బార్ పోయి, ఆడా మగా కలిసి కూర్చునే చోటు వచ్చింది. ఎలాగూ చట్టం మీరుతున్న యజమానికి పాత మర్యాదలతో పనేమిటి? రంగు దగ్గర మాత్రం ఆ ఉదారత ఆగిపోయేది. హార్లెమ్‌లోని కాటన్ క్లబ్‌లో 1927 చివరి నుంచి డ్యూక్ ఎలింగ్టన్ బృందం వాయించేది. వేదిక మీద నల్లవాళ్లు, బల్లల దగ్గర తెల్లవాళ్లు. ఎలింగ్టన్ సొంత జాతి జనాన్నే ద్వారం దగ్గర వెనక్కి పంపేవాళ్లు. ఆడవాళ్లకు కూడా అన్ని తలుపులూ తెరుచుకోలేదు: న్యూయార్క్‌లోని మెక్‌సోర్లీస్ లాంటి పాత బార్‌లోకి వాళ్లు అడుగుపెట్టడానికి 1970లో నగర చట్టం రావాల్సి వచ్చింది.

చెయ్యి తిరిగిన బార్‌టెండర్లు కొందరు ఓడలెక్కారు. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో పని నేర్చిన హ్యారీ క్రాడాక్ 1920లో లండన్ తిరిగొచ్చి సవాయ్ హోటల్ అమెరికన్ బార్‌లో చేరాడు. అప్పటికే అక్కడ పెద్ద ఆడా కోల్‌మన్. 1903 నుంచీ ఆ కౌంటర్ ఆవిడదే. నటుడు చార్లెస్ హాట్రీ అలసట తీరేదేదైనా కావాలని అడిగితే జిన్, తీపి వెర్మూత్‌లలో చేదైన ఫెర్నెట్ రెండు చుక్కలేసి హాంకీ పాంకీ తయారుచేసింది ఆవిడే. ఆవిడ తరవాత క్రాడాక్ ఆ స్థానంలోకొచ్చాడు. 1930లో ఆయన వేసిన సవాయ్ పుస్తకంలో దాదాపు 750 పానీయాలున్నాయి. అమెరికాలో నోరు మూసుకున్న విద్య లండన్‌లో అచ్చయి బతికిందన్నమాట. ఇంత చేసినవాడు 1963లో లండన్‌లోనే పేదరికంలో పోయాడు.

1933 డిసెంబరు 5న నిషేధం పోయింది. విద్య మాత్రం వెంటనే తిరిగిరాలేదు. పదమూడేళ్లలో పాతవాళ్లు ముసలివాళ్లయ్యారు, లేదా వేరే పనుల్లో కుదురుకున్నారు. తరవాతి దశాబ్దాల్లో వోడ్కా, సీసా నిమ్మరసం, పొడి మిశ్రమాలు, మీట నొక్కితే సోడా కారే పైపు వచ్చాయి. 1965లో అలన్ స్టిల్‌మన్ మన్‌హటన్‌లో టీజీఐ ఫ్రైడేస్ తెరిచాడు. తోడు వెతుక్కునే యువతీ యువకులు అక్కడ కిటకిటలాడారు. గ్లాసులో ఏముందని ఎవరూ పట్టించుకోలేదు, ఆ బార్‌కు అది అక్కర్లేదు కూడా.

1987లో రాక్‌ఫెల్లర్ సెంటర్ 65వ అంతస్తులో రెయిన్‌బో రూమ్ మళ్లీ తెరిచినప్పుడు డేల్ డిగ్రాఫ్ అనే బార్‌టెండర్ అక్కడ తాజా నిమ్మకాయలు పిండించాడు. యజమాని జో బామ్ ఆయన్ని జెర్రీ థామస్ పుస్తకం వెతికి చదవమన్నాడు. నూటపాతికేళ్ల నాటి పుస్తకం మళ్లీ కౌంటర్ మీదికొచ్చింది అలా.

ఇక తలుపు సంగతి. దాని పుట్టుక కూడా పూర్తిగా 1920లది కాదు. 1990లలో ఈస్ట్ విలేజ్‌లో ఒక జపనీస్ రెస్టారెంట్ లోపలి నుంచి దారి ఉండే ఏంజెల్స్ షేర్ అనే బార్ ఉండేది. నిలబడి తాగకూడదు, నలుగురికి మించి గుంపుగా రాకూడదు. టోక్యో గిన్జా బార్ల పద్ధతి అది. అమెరికా మరిచిపోయిన విద్యను జపాన్ వాళ్లు ఐసు గడ్డల్ని చేత్తో చెక్కుతూ కాపాడుకున్నారు. ఆ బార్ చూసి మనసుపడిన సాషా పెట్రాస్కీ 1999 చివరి రోజున ఎల్డ్రిడ్జ్ వీధిలో మిల్క్ అండ్ హనీ తెరిచాడు. బోర్డు లేదు, ఫోన్ నంబరు డైరెక్టరీలో లేదు. ఇరుగుపొరుగును గొడవతో ఇబ్బంది పెట్టనన్న ఒప్పందం మీద ఆ చోటు దొరకడం ఇందుకు పెద్ద కారణం. పోలీసుల భయంతో పుట్టిన పద్ధతి, పొరుగువాళ్ల నిద్ర కోసం తిరిగొచ్చిందన్నమాట. గోడకు రాసిపెట్టిన నియమాల్లో అరవకూడదనేది ఒకటి. పరిచయం లేని ఆడవాళ్లను మగవాళ్లు తమంతట తాము పలకరించకూడదనేది ఇంకొకటి. కిటకిటలాడే రాత్రిలో ఒంటరిగా వచ్చిన ఆడమనిషి హాయిగా కూర్చోగలిగిందంటే ఈ రెండో దాని పుణ్యమే. తలుపు నకలు కొట్టినవాళ్లు చాలామంది దీన్ని మాత్రం వదిలేశారు.

2013 నుంచి అదే చిరునామాలో పెట్రాస్కీ శిష్యులు సామ్ రాస్, మైకెల్ మెకిల్రాయ్‌ల ఆటాబాయ్ నడుస్తోంది. మెనూ ఉండదు. ఎలాంటి రుచి కావాలో చెబితే బార్‌టెండర్ ఆలోచించి కలుపుతాడు. రాస్ 2005 ప్రాంతంలో మిల్క్ అండ్ హనీలో పనిచేస్తూ కలిపిన ఒక పానీయం ఇప్పుడు ఎన్నో దేశాల బార్లలో దొరుకుతుంది. అల్లం, తేనె, నిమ్మరసం, స్కాచ్, పైన పొగవాసన కొట్టే మరో స్కాచ్ కొద్దిగా. స్కాచ్ తీసేస్తే జలుబు చేసినప్పుడు తెలుగిళ్లలో అమ్మమ్మలు కలిపిచ్చేదే. దానికి ఆయన పెట్టిన పేరు పెన్సిలిన్.