అణాలు, నయాపైసలు, మా అవ్వ లెక్క

పోయిన నెల మా అమ్మ 100 రూపాయల నోటిచ్చి కూరగాయలకు పంపింది. 63 రూపాయలయింది. అంగడాయన 27 రూపాయలు చేతిలో పెట్టాడు. నేను ఎంచుకోకుండా జేబులో వేసుకుని వచ్చేశాను. ఇంట్లో తిట్లు పడ్డాయి. తీసివేతల్లో నాకెప్పుడూ మంచి మార్కులే, అయినా అంగడి ముందు నిలబడితే లెక్క తోచలేదు.

మా అవ్వ మాత్రం తిట్టలేదు. "తీసేయొద్దురా, కలుపుకుంటా పో" అంది. 63కి 7 వేస్తే 70, దానిమీద 30 వేస్తే వంద. అంటే 37 రావాలి. ఈ పద్ధతి ఆమె చిన్నప్పుడు సంతలో తమలపాకులు అమ్ముతూ నేర్చుకున్నది.

అప్పట్లో రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. ఐదణాల సరుకుకు రూపాయిస్తే, మూడణాలు వేసి అర్ధరూపాయి చేసి, పైన ఇంకో అర్ధరూపాయి ఇచ్చేవాళ్లు. 1955లో పార్లమెంటు నాణేల చట్టాన్ని సవరించింది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయాపైసలు అయ్యాయి. ('నయా' అనే మాట 1964లో పోయింది.) పావలాకు 25, అర్ధరూపాయికి 50 సరిగ్గా కుదిరాయి. చిక్కంతా అణాతోనే. 100ని 16తో భాగిస్తే 6.25 వస్తుంది. పావు పైసాకు నాణెం ఎక్కడిది? అందుకే అణాకు 6 అన్నారు, బేడకు 12, మూడణాలకు 19. కొన్నాళ్లు పాత నాణేలూ కొత్తవీ కలిసే నడిచాయి.

అవ్వకు అప్పుడు పదేళ్లు. ఒకరోజు అణాకొక కట్ట చొప్పున 16 కట్టలు అమ్మింది. కొన్నవాళ్లందరూ ఆరేసి నయాపైసలే ఇచ్చారు. సాయంత్రం వాళ్ల నాయన రూపాయి ఉంటుందని ఎంచితే 96 ఉన్నాయి. "నాలుగు పైసలకి ఏం కొనుక్కుని తిన్నావు?" అని అడిగాడంట. పై వారం నుంచి సంతకు ఆమెను కాదని తమ్ముణ్ని తీసుకుపోయాడు.

ఇది విన్నాక నేను నోట్సులో 16 × 6 = 96 అని వేసి అవ్వకు చూపించాను. "నువ్వు తినలేదవ్వా, ఆ పావు పైసలే పోయినాయి" అన్నాను.

"నాకు తెలుసురా. ఆపొద్దు చెప్పేదానికి రాలేదు" అంది.

కాసేపటికి ఆకూ వక్కా తెమ్మని నాకు 50 రూపాయలిచ్చింది. చిల్లర అంగడి ముందే ఎంచుకోమంది.