ఆశకు ఒప్పందపత్రం: పావగడ కౌలు అనుభవం చెప్పే పాఠం

కరువు కాలంలో నాయకుడు ఇచ్చే మాటకు విలువ ఎంత? ఈ ప్రశ్న మన సరిహద్దు గ్రామాలకు కొత్తది కాదు. ఎన్నికల ముందు నీళ్ళు, రైలు, పరిశ్రమ అన్న మూడు మాటలు వినని తరం ఇక్కడ లేదు. ఆ మాటల్లో కొన్ని గాలిలో కలిసిపోయాయి, కొన్ని ఆలస్యంగానైనా రూపుదాల్చాయి. ఒక్కటి మాత్రం కాగితం మీదికి ఎక్కి, షరతులతో సహా అమలులోకి వచ్చింది. అదే తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో సౌరవిద్యుత్ పార్కు కోసం కుదిరిన భూముల కౌలు ఒప్పందం. ఆర్థికంగా చితికిన ప్రాంతంలో రాజకీయ నాయకత్వం ఏమి చేయగలదో, ఏమి చేయక వదిలేసిందో తెలుసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

తాలూకా స్థితిగతులు

పావగడ కర్ణాటకలోనిదే అయినా దాదాపు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ భూమే ఉంది. మడకశిర, హిందూపురం, పెనుకొండ, కల్యాణదుర్గం ప్రాంతాలు దీనికి ఇరుగుపొరుగు. 2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లా విడిపోయిన తరువాత మొదటి మూడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. తాలూకాలో అత్యధికుల ఇంటి భాష తెలుగు, బడి భాష, కచేరీ భాష కన్నడం. జిల్లా కేంద్రమైన తుమకూరు దాదాపు వంద కిలోమీటర్ల దూరం.

ఇది వర్షచ్ఛాయా ప్రాంతం. ఉత్తర పినాకిని నాగలమడిక మీదుగా సాగుతున్నా ఏడాదిలో అధిక భాగం ఇసుకే కనిపిస్తుంది. వానాధారపు వేరుశనగే ప్రధాన పంట. బోరుబావులు లోతుకు పోయినకొద్దీ నీటిలో ఫ్లోరైడ్ పెరిగి, పళ్ళు, ఎముకలు దెబ్బతిన్న కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. పంట పోయిన ఏడాది బెంగళూరు కట్టడపు పనులకు వలస పోవడం ఆనవాయితీ. ప్రాంతీయ అసమానతలపై కర్ణాటక ప్రభుత్వం నియమించిన డాక్టర్ డి.ఎం. నంజుండప్ప కమిటీ 2002లో ఇచ్చిన నివేదికలో రాష్ట్రంలోని 175 తాలూకాలలో 114 వెనుకబడినవని తేల్చింది. వాటిలోనూ అత్యంత వెనుకబడిన వాటి వరుసలో పావగడ చేరింది.

నిరాశ ఎటు దారితీసింది

వెనుకబాటుతనం ఒక్క ఆర్థిక విషయంగానే మిగిలిపోదు. 2005 ఫిబ్రవరి 10 రాత్రి ఈ తాలూకాలోని వెంకటమ్మనహళ్ళిలో రిజర్వు పోలీసుల శిబిరంపై మావోయిస్టులు దాడి చేసి పలువురు పోలీసులను హతమార్చారు. సరిహద్దుకు ఇరువైపులా గ్రామాలు సోదాలతో, అనుమానాలతో చాలాకాలం వణికాయి. తుపాకీ చూపిన దారి ఊళ్ళకు నీళ్ళు తేలేదు, కూలి పెంచలేదు. పోలీసు బలగం ఒక్కటే సమాధానమనుకున్న విధానం కూడా పేదరికాన్ని కదిలించలేదు. మూడో దారి ఒకటి కావలసివచ్చింది.

కౌలు మార్గం ఎలా వచ్చింది

కర్ణాటక ప్రభుత్వం 2014లో సౌరవిద్యుత్ విధానాన్ని ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్తంగా భారీ సౌరపార్కుల పథకాన్ని ఆమోదించింది. రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ, కేంద్రానికి చెందిన సౌరశక్తి సంస్థ కలిసి 2015లో కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌ను నెలకొల్పాయి. నాగలమడిక హోబళిలోని తిరుమణి, బళసముద్రం, వళ్ళూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలు అవసరమని నిర్ణయించారు.

అంత భూమిని ఎలా పొందాలన్నదే అసలు సమస్య. భూసేకరణ చట్టం కింద బలవంతంగా తీసుకుంటే కోర్టులు, ధర్నాలు తప్పవు. కొంటే డబ్బు ఒకేసారి రైతు చేతికి వచ్చి నాలుగేళ్ళలో కరిగిపోతుంది, భూమి శాశ్వతంగా పోతుంది. ప్రభుత్వం ఈ రెండూ కాదని కౌలు పద్ధతిని ఎంచుకుంది. భూమి రైతు పేరనే ఉంటుంది, పహణిలో హక్కు మారదు. కార్పొరేషన్ 28 ఏళ్ళకు కౌలుకు తీసుకుని విద్యుత్ సంస్థలకు అప్పగిస్తుంది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి 5 శాతం పెంపు. ఇవీ ముఖ్య షరతులు.

2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఈ పార్కును ‘శక్తి స్థల’ పేరుతో ప్రారంభించారు. అప్పటి విద్యుత్ శాఖ మంత్రి డి.కె. శివకుమార్. మొదట 600 మెగావాట్లతో మొదలై, 2019 చివరికి పార్కు దాదాపు పూర్తి సామర్థ్యానికి చేరింది. మొత్తం సామర్థ్యం 2,050 మెగావాట్లు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. భూములు తీసుకుంటున్న కాలంలో రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం ఉండగా, పావగడ శాసనసభ్యుడు కె.ఎం. తిమ్మరాయప్ప జనతాదళ్ (సెక్యులర్) పక్షానికి చెందినవారు. కేంద్రంలో భారతీయ జనతా పార్టీ అధికారంలో ఉంది. 2018 తరువాత బెంగళూరులో ముఖ్యమంత్రులు మారారు, పార్టీలు మారాయి. ఒప్పందం మాత్రం రద్దు కాలేదు. నాయకుడు దిగిపోయిన తరువాత కూడా నిలిచే ఏర్పాటును ఆచరణాత్మక నాయకత్వానికి కొలమానంగా తీసుకోవచ్చు.

కౌలు లెక్క

వాన లేని ఏట వేరుశనగ వేసి విత్తనపు ఖర్చు కూడా తిరిగి రాని రైతుకు, ఎకరాకు 21,000 రూపాయల నికరాదాయం చిన్నది కాదు. అయిదెకరాలున్న కుటుంబానికి ఏడాదికి 1,05,000 రూపాయలు. ఈ డబ్బుతో అప్పులు తీర్చిన కుటుంబాలున్నాయి, ఇళ్ళు కట్టుకున్నవారున్నారు, పిల్లలను చదువుకు పంపినవారున్నారు.

అయితే లెక్కలో మరో వైపు కూడా ఉంది. రెండేళ్ళకు 5 శాతమంటే ఏడాదికి సుమారు రెండున్నర శాతం. ఈ పెంపు ప్రకారం మూడో ఏట కౌలు 22,050, అయిదో ఏట సుమారు 23,150, పదకొండో ఏట సుమారు 26,800 రూపాయలు అవుతుంది. ఒప్పందపు చివరి రెండేళ్ళలో సుమారు 39,600 రూపాయలకు చేరుతుంది. రిజర్వు బ్యాంకు ద్రవ్యోల్బణానికి పెట్టుకున్న లక్ష్యమే 4 శాతం. ధరలు ఏటా అంతే పెరిగాయనుకున్నా, మొదటి ఏడాది 21,000 రూపాయలతో కొన్న సరుకులకు పదకొండో ఏట 31,000 రూపాయలకు పైగా, ఇరవైయేడో ఏట సుమారు 58,000 రూపాయలు కావాలి. అంటే కౌలు అంకె పెరుగుతూనే ఉంటుంది, దాని కొనుగోలు శక్తి మాత్రం తరుగుతూ వస్తుంది. ఒప్పందం మంచిదా చెడ్డదా అన్న వాదనలో ఈ లెక్క తరచుగా మరుగున పడుతోంది.

ఎవరి పేరు కాగితం మీద లేదు

ఒప్పందం రైతుకూ కార్పొరేషన్‌కూ మధ్య కుదిరింది. భూమి లేనివారికి అందులో చోటు లేదు. 13,000 ఎకరాలు కంచెల లోపలికి వెళ్ళినప్పుడు దున్నకం, కలుపు, కోత, కాయ ఒలుపు పనులన్నీ ఆగిపోయాయి. ఆ పనుల మీదే బతికిన కూలీ కుటుంబాలకు, అందులోనూ స్త్రీలకు, ఏ కౌలూ అందలేదు. గొర్రెలు, మేకలు మేపుకునేవారికి బీడు తరిగిపోయింది. తరతరాలుగా సాగు చేస్తున్నా పత్రాలు లేని బగర్ హుకుం సాగుదారులది మరో ఇబ్బంది. కౌలు హక్కు పహణిని అనుసరించి వస్తుంది, చెమటను అనుసరించి కాదు.

పార్కు నిర్మాణ కాలంలో కూలిపనులు దొరికాయి. నిర్మాణం ముగిశాక మిగిలినవి కాపలా, గడ్డి కోయడం, పలకలు కడగడం వంటి కొద్దిపాటి పనులు. సౌరవిద్యుత్తుకు స్థలం ఎక్కువ కావాలి, మనుషులు తక్కువ చాలు. ఈ సంగతి మొదటే తెలిసినదే. తెలిసీ భూమిలేని కుటుంబాల వాటాను ఒప్పందంలో రాయకపోవడం దీని ప్రధాన లోపం.

సరిహద్దుకు అటువైపు

అనంతపురం ఉమ్మడి జిల్లాలో నంబులపూలకుంట సౌరపార్కు కూడా దాదాపు ఇదే కాలంలో మొదలైంది. 2016లోనే అక్కడ ఎన్.టి.పి.సి. 250 మెగావాట్లు ఉత్పత్తిలోకి తెచ్చింది. అక్కడ భూమిని పరిహారం చెల్లించి శాశ్వతంగా తీసుకున్నారు. పరిహారం ఎవరికి, ఎంత అన్న వివాదాలు, ముఖ్యంగా పత్రాలు సరిగా లేని సాగుదారుల గోడు, చాలాకాలం నడిచాయి.

ఆ తరువాత 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన పునరుత్పాదక ఇంధన ఎగుమతి విధానంలో ప్రైవేటు భూములకు కౌలు పద్ధతినే చేర్చారు. ఎకరాకు ఏడాదికి 25,000 రూపాయలు, రెండేళ్ళకు 5 శాతం పెంపు అన్నది అందులోని లెక్క. పెంపు శాతం, గడువు పావగడలో ఉన్నవే కావడం గమనార్హం. ఒక తాలూకాలో చేసిన ప్రయోగం పొరుగు రాష్ట్రానికి నమూనాగా ఉపయోగపడిందనుకున్నా, దాని లోపం కూడా వెంటే వెళ్ళిందని చెప్పక తప్పదు.

మిగతా ఆశలు

కౌలు ఒప్పందం పక్కన మిగతా హామీలను పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. రాయదుర్గం నుంచి కల్యాణదుర్గం, పావగడ, మడకశిర, మధుగిరి మీదుగా తుమకూరుకు 207 కిలోమీటర్ల రైలుమార్గం 2007-08లో మంజూరైంది. కేంద్రం, రెండు రాష్ట్రాలు ఖర్చు పంచుకోవలసిన ఈ మార్గం పదిహేనేళ్ళు దాటినా పూర్తి కాలేదు. తుంగభద్ర జలాశయం వెనుక నీటిని పావగడకు, చిత్రదుర్గ, బళ్ళారి వైపు తాలూకాలకు తాగడానికి తెచ్చే పథకం ఏళ్ళ తరబడి సాగి 2025లో ప్రారంభమైంది. ఎగువ భద్ర పథకానికి 2023-24 కేంద్ర బడ్జెట్టులో 5,300 కోట్ల రూపాయలు ప్రకటించారు. ఆ మొత్తం విడుదల కాలేదని కర్ణాటక ప్రభుత్వం ఆ తరువాత పలుమార్లు ఫిర్యాదు చేసింది.

ఈ హామీలేవీ అబద్ధాలు కావు. కానీ ఆలస్యమైతే అడిగే హక్కు ఏ కుటుంబం చేతిలోనూ కాగితంగా లేదు. కౌలు రైతు తన వాయిదా రాకపోతే ఒప్పందం చూపి అడగగలడు. రైలు కోసం చూసే ప్రయాణికుడు ఏ కాగితం చూపగలడు?

కుటుంబాలు చూసుకోవలసినవి

సౌర, పవన విద్యుత్ సంస్థలు సరిహద్దుకు ఇరువైపులా భూములు అడుగుతూనే ఉన్నాయి. సంతకం పెట్టే ముందు ఈ క్రింది సంగతులు విచారించుకోవడం మంచిది.

ఒకటి, హక్కు పత్రాలు. కర్ణాటకలో పహణి, ఖాతా, ఆంధ్రలో అడంగల్, 1-బి ఎవరి పేర ఉన్నాయో చూడాలి. తాత పేరనే ఉంటే ముందుగా వారసత్వపు ఖాతా మార్పు చేయించుకోవాలి. అన్నదమ్ముల తగాదాలలో కౌలు నిలిచిపోయే అవకాశం ఉంది. ఆడపిల్లల వాటాను కూడా ఇదే సమయంలో తేల్చుకోవడం ధర్మం, చట్టం కూడా అదే చెబుతుంది.

రెండు, ఎదుటి పక్షం. ఒప్పందం ప్రభుత్వ సంస్థతోనా, ప్రైవేటు కంపెనీతోనా, దళ్ళాళితోనా? కంపెనీ చేతులు మారితే కౌలు బాధ్యత ఎవరిదో రాసి ఉండాలి.

మూడు, పెంపు. రెండేళ్ళకు 5 శాతమా, ఏటా పెంపా, ధరల సూచీని బట్టి పెంపా? పైన చూపిన లెక్కను మీ ఎకరాలకు వేసి చూసుకోవాలి.

నాలుగు, గడువు ముగిశాక. స్తంభాలు, పలకలు, కాంక్రీటు దిమ్మెలు ఎవరు తొలగించాలి, భూమిని సాగుకు పనికివచ్చేలా ఎవరు అప్పగించాలి అన్నది స్పష్టంగా ఉండాలి. ఈరోజు సంతకం పెట్టే తండ్రి కాదు, ఆరోజు భూమిని తిరిగి తీసుకునే కొడుకో కూతురో ఈ భారం మోయవలసివస్తుంది.

అయిదు, ఊరి వాటా. తమకు భూమి లేకపోయినా గ్రామసభలో మాట్లాడే హక్కు అందరికీ ఉంది. కూలీలకు పనిదినాలు, గొర్రెలకు మేపు దారి, బడికి, తాగునీటికి నిధి అన్నవి భూమి ఇవ్వకముందే అడగాలి. కంచె పడిన తరువాత అడిగితే వినేవారు తక్కువ.

ముగింపు

కష్టకాలంలో ప్రజలకు ఆశ కల్పించడం నాయకులకు సులభం. ఆ ఆశను అంకెలుగా, గడువులుగా, షరతులుగా మార్చి ప్రజల చేతిలో పెట్టడం కష్టం. పావగడలో భూమి ఉన్నవారి విషయంలో ఆ కష్టమైన పని జరిగింది. పార్టీలు వేరైనా పని ఆగలేదు. భూమి లేనివారి విషయంలో మాత్రం పాత పద్ధతే, అంటే నోటిమాటే మిగిలింది. పార్కు విస్తరణ గురించి గానీ, కొత్త పరిశ్రమ గురించి గానీ ఇకపై మన ఊరికి ఏ నాయకుడు వచ్చినా, ఆయన ఏ పార్టీవారైనా, అడగవలసిన ప్రశ్న ఒక్కటే: మీరు చెప్పే మాట ఏ కాగితం మీద ఉంది, ఆ కాగితంలో మా కూలీల పేరు ఉందా?