సమయం చాలనప్పుడు క్యాంపెయిన్ కుదింపు: ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ ఆధారంగా ఒక పరిశీలన

బల్ల చుట్టూ కూర్చొని పాచికలు వేస్తూ, మాటలతోనే కథను నడిపే ఆటను టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ ప్రక్రియకు మూలగ్రంథం. ఆటగాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించగా, డంజియన్ మాస్టర్ అని పిలిచే నిర్వాహకులు మిగిలిన లోకమంతటికీ గొంతునిస్తారు. కొన్ని గంటలపాటు సాగే ఒక విడత ఆటను సెషన్ అనీ, అవే పాత్రలతో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగే సెషన్ల వరుసను క్యాంపెయిన్ అనీ వ్యవహరిస్తారు. చదువులు ముగిసి మిత్రులు తలో ఊరికి వెళ్లవలసి వచ్చినా, ఉద్యోగంలో బదిలీ అయినా, ఇంటికి పసిబిడ్డ వచ్చినా ఈ వరుస తెగిపోతుంది. ఇక అయిదారు సెషన్లే మిగిలాయని తెలిసినప్పుడు కథలో దేన్ని వదలాలి, దేన్ని నిలుపుకోవాలి అన్నదే ఈ వ్యాసంలోని విచారణ.

ఇందుకు ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ తగిన ఉదాహరణ. 2016లో వెలువడిన ఈ 256 పుటల గ్రంథం పాత్రలను మొదటి లెవెల్ నుంచి, అంటే శక్తిసామర్థ్యాల తొలి మెట్టు నుంచి, పదో లెవెల్ దాకా నడిపిస్తుంది. పొగమంచు చుట్టుముట్టిన బరోవియా లోయ, దాన్ని ఏలే రక్తపిశాచి స్ట్రాడ్, అతని రేవెన్‌లాఫ్ కోట ఇందులోని ఇతివృత్తం. అయితే దీని మూలం ఇంత పెద్దది కాదు. ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు రాయగా 1983లో వెలువడిన ‘రేవెన్‌లాఫ్’ 32 పుటల చిన్న పుస్తకం. అచ్చు కాకముందు దాన్ని వారు హాలోవీన్ రాత్రుల్లో మిత్రులతో ఆడించేవారు. బరోవియా గ్రామం, జోస్యం చెప్పే మేడమ్ ఈవా విడిది, కోట ఈ మూడే దానికి ఆయువుపట్లు. వల్లాకీ, క్రెజ్క్ పట్టణాలు, ఆర్గిన్‌వోస్ట్‌హోల్ట్ భవనం, మంచుకొండల్లోని యాంబర్ టెంపుల్ తరువాతి గ్రంథంలో చేరిన విస్తృతి. కాబట్టి ఈ క్యాంపెయిన్‌ను కుదించడమంటే దాన్ని గాయపరచడం కాదు, దాని బీజరూపానికి దారి వెతకడం.

కుదింపుకు ఒక క్రమం ఉండాలన్న ఆలోచన మన అలంకారికులకు కొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రం ఇతివృత్తాన్ని ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణ అని అయిదు సంధులుగా విభజించి, చిన్న రూపకాల్లో వేటిని వదలవచ్చో కూడా చెప్పింది. ఒక సంధిని విడిచిపెట్టవలసి వస్తే విమర్శను, రెండైతే గర్భ విమర్శలను, మూడైతే ప్రతిముఖాన్ని కూడా వదలాలి. అందుకే ప్రహసనం, భాణం వంటి వాటిలో బీజం నాటే ముఖసంధి, చెదరిన సూత్రాలన్నిటినీ ఒక్క ఫలం వైపు చేర్చే నిర్వహణ సంధి మాత్రమే మిగులుతాయి. సమయం చాలని నిర్వాహకుల్లో చాలామంది దీనికి విరుద్ధంగా, పుస్తకంలోని క్రమాన్నే నమ్ముకొని వల్లాకీ వీధుల్లో సెషన్లన్నీ ఖర్చు చేసి, కోట గుమ్మం తొక్కకుండానే ఆటను వదిలేస్తారు. అది కుదింపు కాదు, విచ్ఛేదం.

అయితే భరతుని ఈ నియమాన్ని ఆటకు యథాతథంగా అన్వయించడం పొరపాటు. నాటకంలో మధ్యభాగం కవి సొత్తు. ఆటలో, ఆడేసిన మధ్యభాగం ఆటగాళ్ల సొత్తు. ఒక ఆటగాడు వల్లాకీలో ఎవరికో మాట ఇచ్చి ఉంటే, ఆ మాట పుస్తకంలో లేకపోయినా కథలో అంతర్భాగమై, నిర్వహణలో ఫలితం కోరుతుంది. వదలవలసింది ఇంకా ఆడని మధ్యాన్నే.

ఈ భేదం మేడమ్ ఈవా జోస్యం దగ్గర స్పష్టపడుతుంది. తారోకా అనే పేకముక్కల్లో అయిదు తీసి ఆమె చెప్పే జోస్యం మూడు నిధుల జాడనూ, ఒక సహాయకుణ్ణీ, కోటలో స్ట్రాడ్ ఎదురుపడే చోటునూ నిర్ణయిస్తుంది. జోస్యం ఇంకా చెప్పించకపోతే, నిర్వాహకులు ముక్కలను ముందే ఎంచి నిధులను దారిలోని చోట్లకో, కోటలోకో చేర్చవచ్చు. ఇప్పటికే చెప్పించి, నిధి ఒకటి యాంబర్ టెంపుల్‌లో ఉందని తేలిపోతే మాత్రం జోస్యాన్ని అబద్ధం చేయరాదు. ఆ గుడి ప్రయాణాన్ని ఒక్క దృశ్యానికి తగ్గించడమో, సహాయకుడు దాన్ని అక్కణ్నుంచి ముందే తెచ్చాడనడమో మేలు. ఆటగాళ్లు విన్న మాట స్థిరం, వారు చూడని చోటు చరం.

ఇరీనా అనే యువతి విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. తన తమ్ముడు సెర్గీని పెళ్లినాడే చంపి, తాను ఆశపడిన టాట్యానాను పోగొట్టుకున్న స్ట్రాడ్, ఆమె ఇరీనాగా మళ్లీ పుట్టిందని నమ్ముతాడు. గ్రంథంలో ఆమె కథకు ఒక ముగింపు క్రెజ్క్ కొలను దగ్గర దొరుకుతుంది. క్రెజ్క్‌ను తీసివేసేవారు ఆ ముగింపును కోటలోని సమాధుల దగ్గరికి తరలించాలే గాని, ఆమెను దారిలో మరచిపోకూడదు.

పాత్రలను కోటకు చేర్చే ఉపాయం గ్రంథంలోనే ఉంది: స్ట్రాడ్ పంపే విందు ఆహ్వానం. ఇక శక్తి ప్రశ్న. 144 ప్రాణబిందువులున్న స్ట్రాడ్‌తో తక్కువ లెవెల్ పాత్రలు నేరుగా తలపడితే నిలవలేవు. కాబట్టి పోరాటాలు లెక్కించి అనుభవబిందువులు కూడబెట్టే పద్ధతిని పక్కనపెట్టి, ముఖ్యఘట్టం దాటినప్పుడల్లా లెవెల్ పెంచడం సమంజసం. జోస్యం చెప్పే మూడు నిధుల్లో ఒకటైన సూర్యఖడ్గాన్ని ఏ కుదింపులోనూ వదలరాదు. దాని వెలుగు సూర్యకాంతితో సమానం కనుక అది తగిలినంతసేపు స్ట్రాడ్ గాయాలు తమంతట తాము మానవు.

ఈ మార్పులన్నిటినీ ఆటగాళ్లకు తెలియకుండా చేయాలన్న అభిప్రాయం సరైనది కాదు. మిగిలిన సెషన్లు ఎన్నో చెప్పి, ఏ కథాసూత్రం తెగకూడదనుకుంటున్నారో వారినే అడిగితే, నిర్వాహకులు ఊహించని పేర్లు వినబడతాయి. చివరి సెషన్‌లో స్ట్రాడ్ పతనం తరువాత కనీసం అరగంట, మంచు విడిపోయిన లోయలో ఎవరు ఎక్కడికి వెళ్లారో చెప్పుకోవడానికి కేటాయించాలి. ఆ అరగంటను లెక్కలో మొదటే పక్కన పెట్టి, తక్కినదాన్ని అటుపైన పంచుకోవాలి.