దూరదేశపుఁ గొలువు – ఇంట నుండవలసిన కాగితము



1834 మొదలు మారిషసునకును, 1860 మొదలు నేటాలునకును ఒడంబడికకూలీలుగాఁ బోయిన భారతీయులలో మన తెలుగువారును గలరు. ఆ యొడంబడికలో కూలియు, బత్తెమును, పనిచేయవలసిన యేండ్లును వ్రాయఁబడెను. కూలివాఁడు మరణించినచో ఇంటివారి గతి యేమనుట వారి యదృష్టమునకే విడువఁబడెను.

1922లోను, మరల 1983లోను వలసచట్టములు వచ్చెను. 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజన యేర్పడెను. పదవ తరగతి ముగింపక గల్ఫు దేశములకుఁ గూలికిఁ బోవువారికి వలస యనుమతితోఁబాటు ఈ బీమా విధియయ్యెను. 2017లో సవరించిన నియమముల ప్రకారము, ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా నంగవైకల్యము కలిగినను 10 లక్షల రూపాయలు చెల్లును. రెండేండ్లకుఁ గట్టవలసినది, పన్నులుగాక, 275 రూపాయలు, మూఁడేండ్లకు 375.

నా శిష్యుఁడొకఁడు గల్ఫునఁ బనిచోటఁ బ్రమాదమున మరణించెను. బీమా చేసికొనియే పోయెను. కాని పత్రమాతని పెట్టెలోనే సముద్రము దాటినది. ఇంట నకలు లేదు. ఆ పెట్టె తిరిగివచ్చువఱకు, ఏడు నెలలు, అతని తల్లి నా యరుఁగుమీఁదఁ గూర్చుండి "పంతులుగారూ, ఏ కాగితమండీ?" యని యడుగుచునే యుండెను. నాకు బదులు తోఁచలేదు.

కావున మీ యూరి పిల్లవాఁడు బయలుదేఱునాఁడే నకలొకటి ఇంట నుంచుకొనుఁడు. సొమ్ము పొందవలసినవారి పేరందుఁ గలదో లేదో చదివి చూడుఁడు. గడువుతేదీని గోడపై వ్రాయుఁడు. అచటి యజమాని చేయించు వైద్యబీమా సాధారణముగాఁ బనివానికే. ఇంటివారికి వేఱుగాఁ జూచుకొనవలయును.

ఆనాఁటి యొడంబడికలో లేని పంక్తి నేఁడు వ్రాయఁబడియున్నది. దానిని ఇంటివారెఱిఁగియుండుటయే మిగిలిన పని.