జొన్నకూడు, రక్తపు బొట్టు, మనిషి మనసు

మనోవ్యాధిని రక్త పరీక్షతో తెలుసుకోవచ్చునా అన్న ప్రశ్న ఈ మధ్య తరచుగా వినబడుతున్నది. మెదడులో సెరటోనిన్ తగ్గితే దిగులు పుడుతుందని పత్రికలలో చదివినవారు, ఆ సెరటోనిన్‌ను రక్తంలో కొలిపించుకుంటే సరిపోతుంది కదా అనుకోవడం సహజమే. ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి ఎంతో దూరం పోనక్కరలేదు. యాభై అయిదేళ్ల క్రితం మన హైదరాబాదులోనే, జొన్నకూడు తప్ప మరొకటి ఎరుగని పేదల రక్తంలోనూ మెదడులోనూ దీనిని వెతికిన శాస్త్రజ్ఞులున్నారు. కర్నూలు, కడప జిల్లాల వారికి ఆ చరిత్ర మరింత దగ్గరిది. ఎందుకంటే దాని మూలం మన మెట్టపొలాలలో పండే జొన్నలో ఉన్నది.

నల్లరేగడి నేలలలో వానను నమ్ముకొని పండించే రాయలసీమ రైతుకు తరతరాలుగా జొన్న, కొర్ర, సజ్జ, రాగి ఇవే తిండిగింజలు. వరి అన్నం పండుగనాటి భోజనం. జొన్నరొట్టెకు పప్పు, ఆకుకూర, చెనిక్కాయల ఊరుబిండి, గుక్కెడు మజ్జిగ తోడైతే అది బలమైన ఆహారమే. కాని కరువు ఏడాదిలో ముందుగా మాయమయ్యేవి ఆ తోడు పదార్థాలే. అప్పుడు మూడు పూటలా మిగిలేది జొన్నసంగటి, ఇంత కారం. సమస్య అక్కడ మొదలవుతుంది.

ఆ సమస్య పేరు పెల్లగ్రా. 1735లో స్పెయిన్ దేశపు వైద్యుడు గాస్పర్ కాసల్ మొక్కజొన్న మీద బతికే పేద రైతులలో దీనిని గుర్తించాడు. ఎండ తగిలే చేతులు, పాదాలు, మెడ నల్లబడి పొలుసులు రేగుతాయి. మెడ చుట్టూ హారంలా ఏర్పడే మచ్చను ఈనాటికీ కాసల్ హారం అంటారు. తరువాత విరేచనాలు పట్టుకుంటాయి. ఆ పైన మనసు చెదురుతుంది. మొదట నిద్రలేమి, చిరాకు, దిగులు, ముదిరితే మతిభ్రమ. చికిత్స లేకపోతే మరణం. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఇది వేలమందిని బలిగొంటున్నప్పుడు, ఇది అంటువ్యాధి అని చాలామంది వైద్యులు నమ్మారు. 1915లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ మిసిసిపీలో ఆరోగ్యవంతులైన ఖైదీలకు కేవలం మొక్కజొన్న ప్రధానమైన పేదల తిండి పెట్టి, కొందరిలో ఆ వ్యాధిని పుట్టించి చూపాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యమ్ దీనికి విరుగుడు నికోటినిక్ ఆమ్లమని, అంటే నేడు నియాసిన్ లేదా బి3 అని మనం పిలిచే విటమిన్ అని కనుగొన్నాడు. 1945లో ఇంకొక సంగతి తెలిసింది. మాంసకృత్తులలో ఉండే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుండి శరీరం కొంత నియాసిన్‌ను స్వయంగా తయారుచేసుకోగలదు. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ, ఉన్న నియాసిన్ కూడా సులభంగా ఒంటబట్టదు. కనుక ఆ చిక్కు విడిపోయింది.

కాని దక్కను పీఠభూమిలో పెల్లగ్రా వచ్చినవారు మొక్కజొన్న తినేవారు కాదు, జొన్న తినేవారు. జొన్నలో నియాసిన్, ట్రిప్టోఫాన్ వరి బియ్యంలో కంటే తక్కువేమీ కాదు. మరి వరి తినే పేదలకు రాని వ్యాధి జొన్న తినే పేదలకు ఎందుకు వస్తున్నది? 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా పేరుపొందిన సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా ఈ ప్రశ్నను చేపట్టారు. 1960లో వారు ‘లాన్సెట్’ పత్రికలో ఒక ఊహను ప్రకటించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉన్నదనీ, అది ట్రిప్టోఫాన్ నడకను చెడగొడుతున్నదనీ ఆ ఊహ సారాంశం. అంటే లోపమొక్కటే కాదు, సమతూకం తప్పడం కూడా రోగకారణమే.

ఇక్కడి నుండి కథ మనసు వైపు తిరుగుతుంది. ట్రిప్టోఫాన్ నియాసిన్‌కు మాత్రమే కాదు, సెరటోనిన్‌కు కూడా ముడిసరుకు. సెరటోనిన్ పేరు రక్తం నుండే పుట్టింది. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే ముగ్గురు రక్తపు సీరం నుండి, నాళాలను బిగించే ఒక పదార్థాన్ని వేరుచేసి ఆ పేరు పెట్టారు. 1953లో బెట్టీ ట్వారోగ్, పేజ్ దానిని క్షీరదాల మెదడులోనూ కనుగొన్నారు. పెల్లగ్రా రోగి దిగులుకు ఈ పదార్థానికీ సంబంధమున్నదా అని హైదరాబాదు శాస్త్రజ్ఞులకు సందేహం కలగడంలో ఆశ్చర్యం లేదు.

బతికున్న మనిషి మెదడును తెరచి చూడలేము. అందువల్ల వారు రెండు కిటికీలను ఎంచుకున్నారు. మొదటిది మెదడు విద్యుత్తరంగాలను గీసే ఇ.ఇ.జి. పరీక్ష. 1968లో శ్రీకంటియా, సహచరులు ప్రకటించిన పరిశీలనలో పెల్లగ్రా రోగుల మెదడు తరంగాలు మందగించి ఉన్నాయి. నికోటినిక్ ఆమ్లంతో చికిత్స చేస్తే మెరుగుపడ్డాయి. రెండవ కిటికీ రక్తంలోని ప్లేట్‌లెట్లు. డెంగ్యూ జ్వరాల వల్ల ఈ మాట ఇప్పుడు పల్లెలలో కూడా అందరికీ తెలుసు. రక్తంలోని సెరటోనిన్ దాదాపు అంతా వాటిలోనే దాగి ఉంటుంది. 1970లో కమలా కృష్ణస్వామి, రమణమూర్తి మానసిక మార్పులున్న పెల్లగ్రా రోగుల ప్లేట్‌లెట్లలో సెరటోనిన్ తక్కువగా ఉన్నట్లు చూపారు. 1971లో కమలా కృష్ణస్వామి, గోపాలన్ లూసిన్‌కు పోటీగా ఐసోలూసిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని ఇచ్చి, చర్మమూ ఇ.ఇ.జి. కూడా మెరుగుపడటాన్ని ప్రకటించారు.

ఇది ఎలా సాధ్యమన్నదానికి అదే కాలంలో ఒక ఆధారం దొరికింది. రక్తం నుండి మెదడులోకి పోవడానికి ట్రిప్టోఫాన్, లూసిన్, ఐసోలూసిన్ మొదలైనవి ఒకే ద్వారాన్ని వాడుకుంటాయి. ఒకటి గుంపుగా వచ్చి ద్వారం దగ్గర నిలిస్తే మరొకదానికి దారి ఇరుకవుతుంది. ట్రిప్టోఫాన్ తక్కువగా చేరితే మెదడులో సెరటోనిన్ తయారీ కూడా తగ్గవచ్చు.

అయితే ఈ కథను ఇక్కడితో ఆపితే పాఠకులకు అన్యాయం చేసినట్లే. తరువాతి కాలంలో ఇతర ప్రయోగశాలలలో కొందరు లూసిన్ సిద్ధాంతాన్ని పరీక్షించగా, అన్నిచోట్లా అవే ఫలితాలు రాలేదు. నేడు దానిని ఒక కారణంగా చెప్పేవారున్నారు, శంకించేవారూ ఉన్నారు. ప్లేట్‌లెట్ కిటికీకి కూడా పరిమితి ఉన్నది. ప్లేట్‌లెట్లు సెరటోనిన్‌ను తయారుచేయవు. పేగులలో తయారైనదాన్ని పీల్చి దాచుకుంటాయి. శరీరంలోని సెరటోనిన్‌లో అత్యధిక భాగం పేగులదే. అది మెదడులోకి పోదు, మెదడుది బయటికి కొలతకు అందేలా రాదు. ప్లేట్‌లెట్లు పీల్చుకునే యంత్రాంగం, నాడీకణాలు పీల్చుకునే యంత్రాంగం ఒకటే కావడం వల్ల పోలిక ఉన్నది. అంతకు మించి చెప్పలేము. దిగులుకు సెరటోనిన్ తక్కువ కావడమే కారణమన్న వాదానికి నిలకడైన ఆధారం లేదని 2022లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష తేల్చింది. దాని మీద వాదోపవాదాలు సాగుతూనే ఉన్నాయి.

కనుక దిగులును తేల్చుకోవడానికి సెరటోనిన్ రక్త పరీక్షకు డబ్బు పోయనక్కరలేదు. ఆ పరీక్షకు ప్రయోజనం కొన్ని అరుదైన పేగు కణుతులను గుర్తించడంలో ఉన్నది. మనోవ్యాధిని నిర్ణయించేది రోగితో కూర్చొని మాట్లాడే వైద్యుడే. అదేవిధంగా పైన చెప్పిన సమీక్షను విని, వాడుతున్న మందులను ఎవరూ సొంతంగా మానరాదు. మందు పనిచేయడం వేరు, అది ఎందుకు పనిచేస్తున్నదో మనకు పూర్తిగా తెలియడం వేరు.

హైదరాబాదు పరిశోధనలలో నిలిచిన సత్యం మరొకటున్నది. దయ్యం పట్టిందనో, పిచ్చి పట్టిందనో ఊరు వెలివేయగల మనిషికి నిజంగా పట్టింది ఆకలి కావచ్చు. ఆ మతిభ్రమకు మందు కొన్ని పైసల విటమిన్, ఇంత మంచి తిండి. ఈ మాటను నమ్మకంగా కాక, కొలతలతో చూపినవారు వారు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తరువాత సీమ పల్లెలలో కూడా జొన్న వెనుకబడింది. పెల్లగ్రా అరుదైపోయింది. ఇప్పుడు అదే జొన్న, మధుమేహానికి మంచిదన్న పేరుతో గౌరవంగా తిరిగి వస్తున్నది. దానికి భయపడనక్కరలేదు. పప్పు, పాలు, చెనిక్కాయలు, గుడ్డు వంటివి తోడుంటే జొన్న మేలైన ఆహారం. హాని చేసింది జొన్న కాదు, జొన్న తప్ప మరొకటి లేని పేదరికం.

వ్యాధి మాత్రం పూర్తిగా పోలేదు. తిండి మాని మద్యం మీద బతికేవారిలోనూ, క్షయవ్యాధికి ఐసోనియాజిడ్ వాడుతూ సరిగా తినలేనివారిలోనూ నేటికీ కనిపిస్తుంది. ఎండ తగిలేచోట రెండు వైపులా ఒకేవిధంగా చర్మం నల్లబడి, విరేచనాలు, నిద్రలేమి, మాటలో తేడా కలిసి కనిపిస్తే ఆలస్యం చేయక దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. క్షయ మందులను మాత్రం మాన్పించకండి. మీ రోగి ఏమి తింటున్నాడో వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి. ఈ వ్యాధిలో ఆ ఒక్క మాట ఖరీదైన రక్త పరీక్ష కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.