మనవాడి కంపెనీ

2000 మార్చిలో క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు వేదిక పంచుకున్న వారిలో సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు ఒకరు. భీమవరం వైపు మనిషి. ‘మనవాడే’ అని మురిసిపోయాం. తెలుగుదేశం హయాంలో ఆయనే ఐటీకి ముఖం. 2004లో కాంగ్రెస్ వచ్చింది, ఆయన పరపతి మాత్రం చెక్కుచెదరలేదు. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసరు, మాజీ కేబినెట్ కార్యదర్శి, ఐఎస్‌బీ డీన్. ఇంతమంది పెద్దలు కూర్చున్న చోట, బ్యాంకులో డబ్బు నిజంగా ఉందా అని అడిగే నోరు ఎవరికుంటుంది?

2008లో రాజు కుటుంబానిదే అయిన మేటాస్ కూటమికి హైదరాబాద్ మెట్రో దక్కింది. మెట్రో కట్టేవాళ్లు మామూలుగా సర్కారు సాయం అడుగుతారు. వీళ్లు తామే సర్కారుకు 30,311 కోట్లు ఇస్తామన్నారు. ఎదురుకట్నం అన్నమాట! ఢిల్లీ మెట్రో శ్రీధరన్‌కు అది మింగుడుపడలేదు. కన్ను భూముల మీద ఉందంటూ ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? క్షమాపణ చెప్పమని ఆయన మీదే విరుచుకుపడింది. ఈ కథలో నన్ను ఇప్పటికీ కలుక్కుమనిపించేది అదే. చెప్పినవాడు పరాయివాడయ్యాడు.

అదే ఏడాది డిసెంబరు 16న, 160 కోట్ల డాలర్లు పెట్టి రెండు మేటాస్ కంపెనీలనూ కొంటామని సత్యం ప్రకటించింది. మదుపుదారులు భగ్గుమన్నారు. తెల్లారేసరికి వెనక్కి తగ్గింది. లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులు పెట్టే ఆఖరి ప్రయత్నం అదని రాజు గారే తర్వాత ఒప్పుకున్నారు.

ఆ ఒప్పుకోలు ఉత్తరం 2009 జనవరి 7న బయటికొచ్చింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవు. అంతకుముందు సెప్టెంబరు త్రైమాసికంలో నిర్వహణ లాభం 61 కోట్లయితే 649 కోట్లని రాశారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు సాయంత్రానికి 40కి పడింది. సంక్రాంతికి ఇంకా వారం. ఈ నెల జీతం పడుతుందా అన్న బెంగ దాదాపు యాభై వేల ఇళ్లలో.

ఆ జులైలో మెట్రో కాంట్రాక్టు రద్దయింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ కోర్టు రాజుకు ఏడేళ్ల శిక్ష వేసింది. ఆయన అప్పీలుకెళ్లారు, నెల దాటగానే బెయిలొచ్చింది. టెక్ మహీంద్రా చేతికి వెళ్లిన సత్యం, 2013లో అందులోనే కలిసిపోయింది.

2005లో ఆయన కుటుంబం మొదలుపెట్టిన 108కి ఫోన్ చేస్తే అంబులెన్సు ఇప్పటికీ వస్తుంది.